టీ తాగితే ఒంటికి మంచిదేనా? విశాఖలో మూడు గ్లాసుల మీద నా రివ్యూ

నమస్కారం. ఈ రోజు నా బల్ల మీద మూడు గ్లాసులున్నాయి. మొదటిది జగదాంబ జంక్షన్ దగ్గరి ఒక దుకాణం నుంచి ఫ్లాస్కులో తెచ్చిన పాల టీ, రెండవది సూపర్ మార్కెట్లో కొన్న గ్రీన్ టీ, మూడవది ఇంట్లో డికాషన్ కాచి నిమ్మరసం పిండిన టీ. వీటిని నాకు ఏ కంపెనీ పంపలేదు, మూడింటికీ డబ్బు నేనే పెట్టాను. రుచి సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను: జగదాంబ టీకి సాటి లేదు. మిగిలిన వీడియో అంతా ఈ టీల వల్ల ఒంటికి ఏం ఒరుగుతుందన్న దాని గురించే.

ఈ మూడూ ఒకే మొక్క ఆకులు. ఆ మొక్క పేరు కమేలియా సైనెన్సిస్. కోసిన ఆకును వెంటనే ఆవిరి పట్టి గానీ, వేయించి గానీ ఆరబెడితే పచ్చదనం నిలిచి గ్రీన్ టీ అవుతుంది. అదే ఆకును నలిపి గాలి తగలనిస్తే నల్లబడి బ్లాక్ టీ అవుతుంది. మన ఇళ్లలో వాడే గుండ్రటి పలుకుల టీ పొడి, ఆకును యంత్రపు రోలర్ల మధ్య నలిపి, చీల్చి, చుట్టిన సీటీసీ రకం. గ్రీన్ టీలో ఎక్కువగా ఉండే క్యాటెకిన్లు అనే పదార్థాలు ఆకు నల్లబడేటప్పుడు చాలావరకు థియాఫ్లేవిన్లు వంటి వేరే పదార్థాలుగా మారతాయే తప్ప, మేలు చేసే గుణమంతా గాలికి పోదు. కాబట్టి గ్రీన్ టీ ఔషధమనీ, మన టీ వట్టి రంగునీళ్లనీ చెప్పే ప్రకటనలను నేను నమ్మను.

బ్రిటన్‌లో 40 నుంచి 69 ఏళ్ల వయసున్న దాదాపు 5 లక్షల మందిని సుమారు 11 ఏళ్ల పాటు గమనించి, 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. టీ తాగనివారితో పోలిస్తే రోజుకు రెండు లేదా అంతకంటే ఎక్కువ కప్పులు తాగేవారిలో మరణ ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. వారిలో ఎక్కువమంది తాగింది బ్లాక్ టీయే, అదీ పాలతోనే. పాలు కలిపితే టీ గుణం పోతుందని భయపడేవారికి ఇది ఊరట. అయితే ఇది జనాన్ని గమనించి చెప్పిన లెక్క మాత్రమే, ఆయుష్షు పెరగడానికి టీయే కారణమని రుజువు కాదు. బరువు విషయానికొస్తే, గ్రీన్ టీ మీద జరిగిన ప్రయోగాలను 2012లో పరిశీలించిన కాక్రేన్ సమీక్ష (వైద్య ప్రయోగాల ఫలితాలన్నీ ఒకచోట చేర్చి తూచే సంస్థది), తగ్గే బరువు లెక్కలోకి తీసుకోదగినంత లేదని తేల్చింది. పొట్ట కరుగుతుందనే ఆశతో నేను ఏడాది పాటు ఆ చేదు మింగాను, బెల్టు రంధ్రం ఒక్కటీ మారలేదు.

ఇక పంచదార. దుకాణం టీలో అది ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి, ఇంట్లో చప్పటి పాల టీ కాచి, ఆ తీపి వచ్చేదాకా చెంచాడు చెంచాడుగా కలుపుతూ వంటింటి త్రాసులో తూచాను. ఒక చిన్న గ్లాసుకు 9 గ్రాములు పట్టింది. రోజుకు నాలుగు టీలు తాగేవారికి టీ ద్వారానే 36 గ్రాములు చేరుతుంది. అన్ని రకాలుగా కలిపి రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆకులో ఉన్న మేలును గ్లాసులోనే ముంచేస్తున్నామన్నమాట.

దీనికంటే ముఖ్యమైనది, మన ఊళ్లో ఎవరూ పట్టించుకోనిది, టీ తాగే వేళ. ఇడ్లీ తిని చేయి కడుక్కోగానే టీ పడాలి మనకు. టీలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ ఉన్న ఇనుమును పట్టుకుని, ఒంటికి పట్టకుండా చేస్తాయి. మా అమ్మ రక్తహీనతకు నెలల తరబడి ఇనుము మాత్రలు వేసుకున్నా హిమోగ్లోబిన్ పెరగలేదు. ఒక డాక్టరమ్మ మాత్రల డబ్బా పక్కన పెట్టి, "ఇవి దేనితో మింగుతున్నారమ్మా?" అని అడిగారు. "టీతోనేనండి, నీళ్లతో అయితే వికారంగా ఉంటుంది" అంది అమ్మ. అసలు సంగతి అక్కడ బయటపడింది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు వద్దని చెప్పింది. అమ్మ టిఫిను ఇప్పుడు ఎనిమిదింటికి, టీ తొమ్మిదిన్నరకు. మాత్ర మాత్రం నిమ్మరసంతో.

అదే సంస్థ కెఫీన్‌కు రోజుకు 300 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది, కప్పు టీలో 30 నుంచి 65 దాకా ఉంటుంది. టీ ఆకులోనే ఉండే థియానిన్ అనే పదార్థం కెఫీన్ దూకుడును కొంత తగ్గిస్తుందంటారు గానీ, రాత్రి నిద్ర పట్టనివారు సాయంత్రం టీ మానుకోవాల్సిందే. గర్భిణులు తమకు తగిన హద్దును డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

వేడి సంగతీ చూశాను. దుకాణం దగ్గరే, పోసిన వెంటనే థర్మామీటరు ముంచితే 76 డిగ్రీలు చూపింది. 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. సముద్రపు గాలి తగులుతున్నా నా గ్లాసు అక్కడికి దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోగా నా పక్కన నిలబడిన ఆటో డ్రైవరు తన టీ ఊదుకుంటూ తాగేసి, డబ్బులిచ్చి వెళ్లిపోయారు.

కాబట్టి ఆరోగ్యం వరకు నా మార్కులు ఇవి: నిమ్మకాయ టీకి పదికి ఎనిమిది, ఎందుకంటే పంచదార లేకుండానే తాగగలిగాను, ఇనుముకు టీ చేసే అడ్డును నిమ్మరసం కొంత సరిచేస్తుంది కూడా. గ్రీన్ టీకి ఏడు. దుకాణం పాల టీకి ఐదు. నిన్న అదే దుకాణం ఆయనను పంచదార సగం వేసి, నాకు విడిగా ఒకటి పెట్టమని అడిగాను. పైసా ఎక్కువ తీసుకోకుండా పెట్టి ఇచ్చారు. దానికి ఏడున్నర.