బొమ్మల బీరువాకు తాళం ఎందుకు?

వ్యాఖ్యాత: నమస్కారం. నలభై దాటినవాళ్లు టామ్ అండ్ జెర్రీ చూస్తూ అన్నం తింటున్నారు. బొమ్మల పెట్టెల మీద 18 ఏళ్లు దాటినవారికి అని అచ్చువేయడం 2020లో లెగో సంస్థ మొదలుపెట్టింది. ఇది సరదానా, ఎదగమని మొరాయించడమా? మేడమ్, మీ దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తుంటారా?

మనస్తత్వ నిపుణురాలు: వాళ్లు రారండీ, వాళ్ల భార్యలు వస్తారు. (నవ్వులు) 1983లో డాన్ కైలీ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పుస్తకం రాశాక ‘పీటర్ పాన్ సిండ్రోమ్’, అంటే వయసొచ్చినా ఎదగనని మొరాయించే మగవాళ్ల తీరు, అన్నది అందరి నోళ్లలో పడింది కానీ, వైద్యులు గుర్తించిన జబ్బుల్లో అది లేదు. నేను కార్టూన్ల సంగతి అడగను. కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? పాపకు జ్వరం వస్తే రాత్రి ఎవరు మేలుకుంటున్నారు? చేసిన అప్పు ఇంట్లో చెప్పారా? వీటికి జవాబు సరిగ్గా ఉంటే ఆయన్ను బొమ్మలు చూసుకోనివ్వండి. లేకపోతే, రోజంతా వార్తలే చూసినా ఎదగనట్టే లెక్క.

వ్యాఖ్యాత: వార్తలు చూసేవాళ్లను మాత్రం ఏమీ అనకండి, మా జీతాలు వాళ్ల చలవే. (సేకర్త వైపు తిరిగి) మీరు పాత చందమామలు సేకరిస్తారు కదా...

సేకర్త: అసలు అది పిల్లలకే అని ఎవరన్నారండీ? 1947 జులైలో మొదలైంది మొదలు ఇంటిల్లిపాదీ చదివారు. మా ఇంట్లో తాతగారి చేతిలోంచి వచ్చాకే మాకు దక్కేది. కొడవటిగంటి కుటుంబరావు గారంతటివారు 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. బేతాళ కథే తీసుకోండి. తప్పెవరిదో తేల్చమంటాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనభంగం, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఇది చిన్నపిల్లల ఇబ్బందా? ఆఫీసులో రోజూ మా బతుకు అదే!

ఉపాధ్యాయిని: నా అభ్యంతరం వేరు. మీరు పిల్లల పుస్తకాలు చదువుతున్నారని కాదు, పిల్లలకు లేకుండా చదువుతున్నారని. శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ ఉంది కదా, చేతిలో కత్తి, భుజాన శవం... మా ఏడో తరగతిలో చూపిస్తే ఒక్కరూ గుర్తుపట్టలేదు. వాళ్ల నాన్నలేమో అదే బొమ్మ ఫోనులో ఒకరికొకరు పంపుకుని మురిసిపోతుంటారు. పత్రిక ఆగి పదేళ్లు దాటింది. మిగిలిన ప్రతులు మీలాంటివారి దగ్గరే ఉన్నాయి. ఎలా దాచారు?

సేకర్త: ఒక్కో సంచికను ప్లాస్టిక్ కవరులో పెట్టి, బీరువాలో కలరా ఉండలు వేసి... తాళం వేశాను.

ఉపాధ్యాయిని: మీ అబ్బాయి ముట్టుకుంటాడా?

సేకర్త: కాగితం పెళుసెక్కిందండీ. చిరిగిపోతుంది.

ఉపాధ్యాయిని: మీ చిన్నప్పుడు చిరగలేదా?

సేకర్త: చిరగకేం! అట్టలు ఊడిపోయేవి. అమ్మ మైదాపిండి ఉడికించి అతికించేది. వడ్డాది పాపయ్య గారి అట్ట ఒకదాని మీద ఆ మరక ఇప్పటికీ ఉంది.

మనస్తత్వ నిపుణురాలు: మరక పడ్డా మీ అమ్మగారు మీ చేతిలోంచి లాక్కోలేదన్నమాట.

వ్యాఖ్యాత: సరే, సూటిగా అడుగుతాను. అబ్బాయికి ఎప్పుడిస్తారు?

సేకర్త: ఇస్తానండీ, ఎందుకివ్వను... వాడిని కాస్త పెద్దవాణ్ణి కానివ్వండి.