హుస్సేన్ సాగర్ ఒడ్డున మాస్ట్ దించాం, కొన చూద్దాం రండి

గాలి బాగుంది, వెనకాల బుద్ధుడూ బాగానే కనిపిస్తున్నాడు. కానీ ఇవాళ నీళ్లలోకి దిగట్లేదు. మాస్ట్, అంటే తెరచాప కట్టే స్తంభం, దించి ఇలా రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టాం. పెద్ద యాట్ అయితే ఒక మనిషిని తాళ్ల కుర్చీలో కూర్చోబెట్టి పైకి లాగుతారు. మనది ఇద్దరెక్కే చిన్న తెరచాప పడవ, డింగీ, మాస్ట్ ఎక్కితే పడవే బోల్తా కొడుతుంది.

పోయిన వానాకాలం ఏమైందంటే... టాక్ చేశాం, అంటే గాలికి ఎదురుగా ముక్కు తిప్పి పడవని మళ్లించాం. మాస్ట్‌ని రెండు పక్కలా తీగలు నిలబెడతాయి, బరువంతా రెండో వైపు తీగ మీద పడింది. అంతే, మాస్ట్ మెల్లగా వాలిపోయింది, తెరచాప మా క్రూ, అంటే నాతో పడవ నడిపేవాడి, నెత్తిన దుప్పటిలా పడింది. తీగ తెగిందనుకున్నాం. ఒడ్డుకొచ్చి చూస్తే తీగ నిక్షేపంలా ఉంది! పైన, మాస్ట్ ముప్పావు ఎత్తులో తీగని పట్టుకునే పిన్ను జారిపోయింది. ఆ పిన్ను జారకుండా చివర చిన్న రింగు ఉంటుంది, తాళంచెవుల రింగుకి బుల్లి తమ్ముడు. ముందు వైపు తెరచాప తాడు రాసుకుని రాసుకుని అది విప్పుకుంది. తప్పు నాదే. సీజనంతా కింది బిగింపులే చూశాను.

ఇప్పుడు తీగ. 19 పోగుల స్టీలు తీగ ఇది. వేళ్లతో తడమకండి, రక్తం వస్తుంది. దూది పట్టుకుని లాగండి. ఎక్కడ దూది చిక్కుకుంటే అక్కడ పోగు తెగినట్టు. ఎక్కువగా తీగ చివరి లోహపు బిగింపులోకి, అంటే ఫిట్టింగులోకి, దూరే చోటే తెగుతుంది. మిగతా 18 ఉన్నాయిగా అనొద్దు, తీగ మార్చేయండి.

తెరచాప చిరగకుండా పిన్నుల మీద టేపు చుడతాం, మంచిదే. కానీ తీగ ఫిట్టింగులోకి దూరే చోట మాత్రం చుట్టకండి. స్టెయిన్‌లెస్ మీద తుప్పు పట్టనివ్వని సన్నటి పొర ఉంటుంది, అది నిలవాలంటే ఆక్సిజన్ తగలాలి. టేపు కింద నీళ్లు నిలిస్తే ఆ పొర పోతుంది. ఇక్కడ ఉప్పు లేదు కదా అంటారు కొందరు. విశాఖ వాళ్లకి ఉప్పు, మనకి కూకట్‌పల్లి నాలా మురుగు! ఒడ్డుకొచ్చాక మంచినీళ్లతో కడగాల్సిందే.

చిట్టచివర, తెరచాప పైకి లాగే తాడు తిరిగే ఈ కప్పీ చూడండి. బోల్తా పడ్డప్పుడు కొన నేరుగా సాగర్ బురదలో గుచ్చుకుంటుంది, ఆ బురదే ఇది, ఎండి సిమెంటులా అయింది. పుల్లతో తీసి, కడిగి, వేలితో తిప్పండి. గ్రీజు వద్దు, ఇంకా మట్టి పడుతుంది. రివెట్ల చుట్టూ తెల్ల పొడి కనిపిస్తే అల్యూమినియం తినేస్తోందని అర్థం. స్టీలూ అల్యూమినియం తడిలో కలిసి ఉంటే ఇదే గొడవ.

కొత్త తీగకి రాణీగంజ్ వెళ్లాను. షాపాయన అయస్కాంతం పెట్టి, "చూడన్నా, అంటుకోలేదు, పక్కా స్టెయిన్‌లెస్" అన్నాడు. ఆ పరీక్షని నమ్ముకోకండి. లాగి సన్నం చేసిన తీగ మంచిదైనా కాస్త అంటుకోవచ్చు. తుప్పుని బాగా తట్టుకునే 316 గ్రేడ్ స్టీలు అని బిల్లు మీద రాయించుకోండి.

సరే, రింగు కొత్తది తొడిగాను, టేపు రెండు చుట్లు. ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని మాస్ట్ లేపుతున్నాం. మా క్రూని చూపిస్తా ఉండండి, ఇవాళ బైక్ హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు.