జముకు విన్న చెవికి

అందరికీ నమస్కారం.

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో జముకుల కథ విన్నవాళ్ళకి అండర్‌గ్రౌండ్ సంగీతం, అంటే పెద్ద కంపెనీల దారికి బయట నడిచే సంగీతం, అంత కొత్తేం కాదు. జముకు ఎలా మోగుతుందో గుర్తుచేసుకోండి. కుంచం లాంటి డబ్బా, ఒకవైపు తోలు, తోలు నడిమధ్య నుంచి ఒక తీగ. డబ్బా చంకలో ఇరికించి తీగ బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, వదిలితే జారుతుంది. తాళమూ శ్రుతీ రెండూ ఆ ఒక్క తీగలోనే.

ఆ చెవితోనే ముందు సెన్యావా వినండి. ఇండోనేషియాలోని యోగ్యకర్తాకి చెందిన జంట. ఒకరిది గొంతు, రెండోవారివి వెదురుతో, పొలం పనిముట్లతో సొంతంగా చేసుకున్న వాయిద్యాలు. 2021లో 'ఆల్కిసా' ఆల్బమ్‌ని ఒకే కంపెనీకి కట్టబెట్టకుండా దేశదేశాల్లోని 44 చిన్న లేబుళ్ళకి పంచేశారు.

తర్వాత డబ్లిన్ బృందం లాంకమ్, 2023 నాటి 'ఫాల్స్ లాంకమ్'. ఐరిష్ జానపదమే, కానీ కింద ఆగని శ్రుతి అంతకంతకూ బరువెక్కుతుంది. తొలి పాట దాదాపు 9 నిమిషాలు, ఒంటి గొంతుతో మొదలవుతుంది. చాలామంది ఇక్కడే విసిగి ఆపేస్తారు. తప్పు పాటది కాదు, ఫోన్ స్పీకర్‌ది. 200 హెర్ట్జ్‌లకి దిగువన, అంటే బాగా కింది స్వరాల దగ్గర, అది దాదాపు మూగది, ఆ శ్రుతి ఉండేదేమో అక్కడే! మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. బాస్ బూస్ట్ మాత్రం తీసెయ్యండి, లేకపోతే గొంతు బురదలో కూరుకుపోతుంది.

గిటార్ ఇష్టమైతే నైజర్ దేశపు ఎండూ మోక్తార్, 'ఆఫ్రీక్ విక్టిమ్', 2021. సహారా వైపు పాటలు ఫోన్ మెమరీ కార్డుల్లోనే ఊరూరా తిరిగాయి. రీచార్జ్ షాపులో పాటలు ఎక్కించుకున్న మనకి ఇది వివరించి చెప్పక్కర్లేదు. ర్యాప్ కావాలంటే చెన్నై కాస్ట్‌లెస్ కలెక్టివ్. చెన్నై పేటల గానా పాట, పరై డప్పు, రాక్ కలిసి నడుస్తాయి. 2018 నుంచి పాడుతున్నారు.

ఒక్క పాతది. హిందీ సినిమా పాటలకి వాయించిన చరణ్‌జీత్ సింగ్ 1982లో రాగాలని డిస్కో దరువు మీద వాయించారు. టీబీ-303 అనే, బాస్ స్వరాలు పలికే చిన్న యంత్రంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే మీట ఉంది, రాగానికి అతికినట్టు సరిపోయింది. అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో మళ్ళీ విడుదలయ్యాకే లోకం చెవిన పడింది.

కొనాలంటే బ్యాండ్‌క్యాంప్ అనే సైటు ఉంది, కళాకారులు తమ పాటలు నేరుగా అమ్ముకునే చోటు. అక్కడ ఊరికే వినేది 128 కేబీపీఎస్, అంటే కాస్త తక్కువ నాణ్యత, కొంటే నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలు దిగుతుంది, ముప్పావుగంట ఆల్బమ్‌కి సుమారు 300 ఎంబీ. డిజిటల్ అమ్మకంలో 100 రూపాయలకి 15 సైటు తీసుకుంటుంది, పేమెంట్ ఖర్చు వేరే. కార్డు తిరస్కరిస్తే కంగారు పడకండి. మన కార్డుల్లో విదేశీ చెల్లింపులు మామూలుగా ఆఫ్‌లోనే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, పరిమితి 1,000 రూపాయలకి పెట్టి, కొన్నాక మళ్ళీ ఆపేయండి.

ఇప్పుడు ఆ లాంకమ్ తొలి పాట పెడుతున్నాను. వెనక వరసలో ఫ్యాన్లు కాస్త ఆపండి బాబూ.