ఐఈపీ ఉన్న పిల్లలతో హైదరాబాద్ వచ్చేస్తున్నారా? స్కూల్లో అడగాల్సినవి

నమస్తే అండీ. అమెరికా స్కూల్లో ఐఈపీ, అంటే ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల కోసం స్కూలు విడిగా రాసే చదువు ప్లాన్, ఉన్న పిల్లలతో హైదరాబాద్ వచ్చేస్తున్నవాళ్ళ కోసం ఈ వీడియో.

ఐఈపీకి ఇక్కడ చట్టబలం లేదు. అలాగని పక్కన పడేయకండి. ఐఈపీ, టెస్టింగ్ రిపోర్టుల కాపీలు బయల్దేరేముందే అడిగి తీసుకోండి. ఇవ్వడానికి అక్కడి స్కూలుకి 45 రోజుల దాకా గడువుంటుంది, కాబట్టి టికెట్లు బుక్ చేసిన వారమే అడగాలి.

ఆ కట్ట మొత్తం ఇక్కడి క్లాస్ టీచర్ చేతిలో పెడితే చదివే తీరిక ఆవిడకి ఉండదు. ఒక్క పేజీ చాలు. "రాయడంలో ఇబ్బంది" అని రాస్తే ఆ పేజీ ఫైల్లోకి వెళ్ళిపోతుంది. ఇలా రాయండి: "జవాబు నోటితో బాగా చెప్తాడు. బోర్డు చూసి రాసుకోవడంలో మూడో లైనుకే వెనకబడతాడు. నోట్సు ప్రింటు ఇవ్వండి. క్లాస్ టెస్టులో సగం ప్రశ్నలు నోటితో అడగండి." ఇది రేపటి పీరియడ్‌లోనే చేయగలిగే పని.

స్కూల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏసీ రూములు, స్విమ్మింగ్ పూల్ తర్వాత చూడొచ్చు. ముందు టైంటేబుల్ అడగండి. 4, 5, 6 తరగతుల లెక్కల పీరియడ్ ఒకే టైముకి ఉంటే, లెక్కల్లో చురుకైన నాలుగో తరగతి పిల్ల ఆరో తరగతిలో కూర్చోవచ్చు, భిన్నాలు రాని ఆరో తరగతి పిల్లాడు కిందికొచ్చి నేర్చుకోవచ్చు. దీనికి పైసా ఖర్చుండదు. నన్నడిగితే మన స్కూళ్ళు మొదట మార్చుకోవాల్సింది ఇదే. అయితే ఇక్కడొక చిక్కుంది. ఇలా కలిపి కూర్చోబెట్టిన గ్రూపుల్ని ఐదారు వారాలకోసారి మళ్ళీ చూసి మార్చకపోతే అవి ర్యాంకు సెక్షన్లయిపోతాయి, కింద పడ్డ పిల్లలు అక్కడే ఉండిపోతారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పెట్టి అందరినీ ఒకే వేగంతో తోసే చోట ఈ ప్రశ్నకి జవాబు దొరకడం కష్టమే.

ఇక కాగితాలు. డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో, రాయడంలో ఇబ్బంది) లాంటి అభ్యసన లోపాలు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి. ప్రైవేట్ సైకాలజిస్ట్ రిపోర్టు క్లాసులో పనికొస్తుంది, బోర్డు పరీక్షకి అదొక్కటే చాలకపోవచ్చు. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలో స్క్రైబ్ (పిల్లలు చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) గానీ, మూడు గంటల పేపరుకి గంట అదనపు సమయం గానీ కావాలంటే బోర్డు ఒప్పుకునే వైకల్య ధ్రువపత్రం ఉండాలి. తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్ నాటికి అది చేతిలో ఉండేలా చూసుకోండి. పదో తరగతిలో మొదలుపెడితే హాల్‌టికెట్ల టైముకి ఉరుకులు పరుగులే. బుద్ధిమాంద్యం, ఎదుగుదల ఆలస్యం ఉన్న పిల్లలకి పరీక్షలు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో చేస్తారు.

తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూలైనా పదో తరగతి దాకా తెలుగు చెప్పాలి. అక్షరాలే రాని పిల్లకి నేరుగా తన తరగతి పుస్తకం ఇస్తారా, తేలిక పుస్తకంతో మొదలుపెడతారా అన్నది ఫీజు కట్టకముందే తేల్చుకోండి.