సున్నం చుక్క లేని దర్వాజా

నమస్కారం. రాచకొండ అనగానే ఇప్పుడు చాలామందికి పోలీసు కమిషనరేటే గుర్తొస్తుంది. 2016లో దానికి ఆ పేరు పెట్టారు. మంచిదే, కనీసం పేరైనా జనం నోట నానుతోంది. అసలు రాచకొండ మాత్రం పాత నల్గొండ జిల్లాలో, సంస్థాన్ నారాయణపురం మండలంలో, గుట్టల మధ్య ఉంది. ఇవాళ కోటంతా తిరగబోవడం లేదు. దర్వాజా దగ్గరే ఆగిపోదాం.

రాజుల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1323లో ఓరుగల్లు పడిపోయాక, కాకతీయుల కింద పనిచేసిన నాయకులు ఎక్కడికక్కడ సొంత రాజ్యాలు నిలబెట్టుకున్నారు. వారిలో రేచర్ల పద్మనాయకులు ఒకరు. అనపోతానాయకుడు రాచకొండను రాజధాని చేసుకున్నాడు. ఆయన తమ్ముడు మాదానాయకుడి వంశం దేవరకొండను ఏలింది. పదిహేనో శతాబ్దంలో రాచకొండ బహమనీల చేతికి పోయింది. ఇక రాళ్ల దగ్గరికి వద్దాం, నాకు ఇష్టమైనది అదే.

గోల్కొండ చూసినవారికి దర్వాజా అంటే కమానే కదా? ఇక్కడ కమాను లేదు. అటొక ఏకశిల, ఇటొక ఏకశిల, నెత్తిన అడ్డంగా రాతిదూలం. మన పాత ఇళ్ల ద్వారబంధం ఎలా ఉంటుందో అలాగే, కాకపోతే అంతా రాయి. గోడలు కూడా పెద్ద పెద్ద బండల్ని ఒకదాని మీద ఒకటి ఒరిపించి పేర్చినవే. మధ్యలో సున్నం లేదు. బండల్ని కదలకుండా పట్టి ఉంచేది వాటి బరువే.

ఇప్పుడు ఒక ప్రశ్న. అంత పెద్ద కోటకు ఇంకా వెడల్పాటి ద్వారం పెట్టుకోవచ్చు కదా? పెట్టలేరు. నల్లగొండ రాయి నెత్తిన ఎంత బరువు పెట్టినా మోస్తుంది. కానీ అడ్డంగా పరిచి రెండు చివర్లా ఆనిస్తే, దాని సొంత బరువుకే నడుము వంగబోతుంది. కర్ర అయితే వంగుతుంది. రాయికి వంగడం రాదు, పగలడమే వచ్చు. అందుకే ఇలాంటి ద్వారం ఎంత వెడల్పు ఉండాలో రాజు ఒక్కడే తేల్చలేడు, దూలం కూడా ఒప్పుకోవాలి. కమానులో ఈ బాధ లేదు. అక్కడ ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతూ బరువును రెండు వైపులా గోడల్లోకి దించేస్తుంది. ఇరుకు ద్వారంతో లాభం కూడా ఉంది లెండి: శత్రువులు గుంపుగా చొరబడలేరు, లోపలి నుంచి కాపాడుకోవడం తేలిక.

వీడియో చూసి బయలుదేరేవారికి ఒక మాట. ఇలాంటి పాత కోటల్లో గుప్తనిధుల పిచ్చితో గోడల అడుగున తవ్విన గుంతలు ఉంటాయి, చూసుకుని నడవండి. ఆ తవ్వేవారి మీద నాకు ఎంత కోపమో చెప్పలేను. సున్నం లేని గోడలో కింది రాయి ఒక్కటి కదిలితే, పైన ఉన్నవన్నీ దారి వెతుక్కుంటాయి.

గడప దాటేటప్పుడు ఒక్క క్షణం తల ఎత్తి దూలం అడుగుభాగం చూడండి. బరువుకు పగులు వస్తే సాధారణంగా నడిమధ్యన, కిందివైపు నుంచే మొదలవుతుంది.