ఆకలేసిన హీరోకి ఏం గుర్తొస్తుంది?

నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ ప్రాణం మీదికొచ్చిన కథల గురించి. దీవిలో చిక్కుకుపోవడం, లోయలో పడిపోవడం, వరదలో కొట్టుకుపోవడం, అలాంటివి.

వీటిలో నాకు విసుగు తెప్పించే సంగతి ఒకటుంది. రెండు రోజులు తిండి లేకపోతే చాలు, స్విచ్ వేసినట్టు మంచివాడు రాక్షసుడైపోతాడు, పిరికివాడు వీరుడైపోతాడు. నిజం ఆకలి ఇలా ఉండదు.

1945లో అమెరికాలో, మిన్నెసోటా యూనివర్సిటీలో, యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల్ని దాదాపు ఆరు నెలలు అరకొర తిండితో ఉంచాడు. వాళ్లు ఒప్పుకునే వచ్చారు. యుద్ధంలో చిక్కి శల్యమైనవాళ్లని మళ్లీ మామూలు మనుషుల్ని చెయ్యడం ఎలాగో తెలుసుకోవాలని ఆ ప్రయోగం. ఏమైందంటే, కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. పళ్లేలు నాకారు. ఒక పూట భోజనాన్ని సాగదీసి సాగదీసి తిన్నారు. చిన్నమాటకే చిరాకు. నవ్వులు తగ్గాయి, అమ్మాయిల ఊసు తగ్గింది. మంచితనం ఎక్కడికీ పోలేదు గానీ, ధ్యాసంతా కంచం దగ్గరే ఆగిపోయింది.

మన సినిమాలో మాత్రం నాలుగు రోజులు పస్తున్న హీరో ఫ్లాష్‌బ్యాక్‌లో డ్యూయెట్ పాడతాడు. బాబూ, ఆ టైములో నీకు గుర్తు రావలసింది హీరోయిన్ కాదు, మీ అమ్మ పెట్టిన పప్పుచారు!

ప్రమాదం మొదలయ్యే ఘట్టం కూడా ఇలాగే. కెమెరా ముందు అందరూ అరుస్తూ పరిగెత్తుతారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అంతకుముందే లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకి తరలించారు. ఆ రోజు మీద ఎవరైనా కథ రాస్తే, మొదటి సీన్లో నాకు తొక్కిసలాట వద్దు. జీపు వచ్చి గుమ్మం ముందు ఆగితే, "మేకల్నేటి సెయ్యమంటావు బాబూ?" అని కదలని ముసలమ్మ కావాలి. ఆవిడ మొండితనంలోనే కావలసినంత టెన్షన్ ఉంది.

ఈ విద్యలో మనవాళ్లు ఎప్పుడో ఆరితేరారు. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ఒక కథ చెప్తాడు. పన్నెండేళ్ల కరువు. విశ్వామిత్రుడంతటి వాడు, పురాణం చండాలుడని పిలిచిన మనిషి గుడిసెలోకి రాత్రిపూట దూరి, కుక్క తొడ మాంసం దొంగిలించబోయి దొరికిపోతాడు. ఇక చూడండి గమ్మత్తు. ఇంటివాడు ఋషికి ధర్మం చెప్తాడు, తినొద్దంటాడు. ఋషి పాయింటు తర్వాత పాయింటు లాగుతాడు: బతికుంటే కదా ధర్మం, తర్వాత ప్రాయశ్చిత్తం చేసుకుంటాను అంటాడు. అంత ఆకలిలోనూ వాదన మానలేదు చూశారా, అదీ విశ్వామిత్రుడంటే! మాంసం తీసుకెళ్లి, వండి, తినే ముందు దేవతలకి భాగాలు పెట్టడానికి కూర్చుంటాడు. దొంగతనం చేసినా అలవాటు వదల్లేదు. పాత్ర మారిందా, మారలేదా? రెండూనూ.

సరిగ్గా అప్పుడు ఇంద్రుడు వాన కురిపిస్తాడు. ఋషి ఆ మాంసం ముట్టకుండానే కథ అయిపోతుంది. ఆ వాన మీదే నాకు కోపం. తిననివ్వాల్సింది. తిన్న మర్నాడు ఆయన ఆ ఇంటివాడికి ఎదురుపడితే ఏం మాట్లాడతాడో చూడాలని ఉంది నాకు. మీలో ఎవరైనా ఆ సీను రాస్తే కామెంట్లో పెట్టండి, వచ్చే వీడియోలో చదువుతాను.