వేడివేడిగా తాగే చలవ

అందరికీ నమస్కారం.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట మీటింగు పెడితే ఎవరొస్తారండీ అని నిర్వాహకులతో అన్నాను. కుర్చీలు చాలక కిటికీల దగ్గర నిలబడ్డ మిమ్మల్ని చూశాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ముందే చెప్పేస్తాను, నేను చైనా వైద్యంలో పండితుణ్ణి కాను. మన ఊళ్ల నుంచి ఎంబీబీఎస్ కోసం చైనా వెళ్లిన వేలమందిలో ఒకణ్ణి. గ్వాంగ్‌జౌలో ఉన్న ఆరేళ్లలో ఏం తాగానో, ఎందుకు తాగానో, అదే ఇవాళ్టి ప్రసంగం.

రెండో ఏడాది, పరీక్షల రోజులు. రాత్రి రెండింటిదాకా మెలకువ, హాస్టల్ గేటు బయట బండి మీద నూనెలో వేయించినవే భోజనం. నాలుగో రోజుకి నోరంతా పూత. మాకు చైనీస్ నేర్పే టీచరమ్మ నన్ను చూసి "యిట్‌హేయ్" అంది. అక్కడివాళ్లు మాట్లాడే కాంటనీస్ భాషలో మాట. విడదీస్తే 'వేడి గాలి' అని వస్తుంది. నా రూమ్మేట్ నైజీరియా కుర్రాడు. వాడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరం లేదే అన్నాడు. ఆవిడ పాపం పది నిమిషాలు ఇంగ్లీషులో వాడికి వివరించడానికి తంటాలు పడింది. నాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. 'వేడి చేసింది' అంటోంది! ఆ రాత్రి ఫోన్లో మా అమ్మ కూడా అచ్చం ఆ మాటే అంది. కాకపోతే అమ్మ మజ్జిగ తాగమంది, టీచరు లియాంగ్‌చా తాగమంది.

లియాంగ్ అంటే చల్లన, చా అంటే టీ. పేరులో రెండు ముక్కలూ అబద్ధమే. చాలామట్టుకు అది వేడివేడిగా ఇస్తారు, అందులో టీ ఆకు ఉండదు.

కొట్టు మా వీధి చివరే. ముందు భాగంలో సొరబుర్ర ఆకారంలో నిలువెత్తు ఇత్తడి పాత్ర, దానికి చిన్న కుళాయి. బల్ల మీద వరసగా గిన్నెలు, ఒక్కోదాని మీద గాజు మూత. కొట్టామె నన్ను నాలుక చాపమంది, ఒక చూపు చూసి 'యా సేయ్ మేయ్' గిన్నె ముందుకు జరిపింది. ఇరవై నాలుగు రుచులని దాని అర్థం. నిజానికి ఉండేది ఒకటే రుచి, చేదు. మూలికలు కూడా అన్ని కొట్లలో లెక్కపెట్టి ఇరవై నాలుగే ఉండవు. నల్లగా, చిక్కటి కాఫీ డికాషన్‌లా ఉంది. ఒక గుక్క మింగి గిన్నె దింపబోతే, ఆపకుండా తాగెయ్ అని చేత్తో సైగ చేసింది. మా నాయనమ్మ వేపపూత కషాయం పట్టుకుని ముక్కు మూసినప్పటి భయం మళ్లీ పట్టుకుంది. తాగాక, నోట్లో వేసుకోమని ఎండబెట్టిన రేగుపండంత ప్లమ్ ఒకటి ఇచ్చింది. ఆ ప్లమ్ కోసమే తర్వాత చాలాసార్లు వెళ్లానంటే మీరు నమ్మాలి.

ఈ అలవాటు చైనా అంతటిదీ కాదు. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్, గ్వాంగ్‌సీ, హాంకాంగ్, మకావు వైపు ఎక్కువ. పూర్వం చైనా ఉత్తరాది వాళ్లకి, మధ్యలో అడ్డుగా ఉన్న కొండలకు దక్షిణాన ఉండే ఈ నేల అంటే హడల్. తేమ, దోమలు, అంతుపట్టని జ్వరాలు. ఒంట్లో చేరే ఆ వేడినీ తేమనీ దింపడానికి దొరికిన ఆకూ పువ్వూ కాచి తాగడం మొదలైంది. 1828లో వాంగ్ జెబాంగ్ అనే ఆయన గ్వాంగ్‌జౌలో పెట్టిన లియాంగ్‌చా కొట్టే ఇప్పుడు ఎర్ర డబ్బాల్లో అమ్మే వాంగ్‌లావోజీకి మూలం. 2006లో చైనా ప్రభుత్వం లియాంగ్‌చాను జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అందులో వేసేవాటిలో సగం మనకు చుట్టాలే. చామంతి, అతిమధురం, దేవగన్నేరు పువ్వు, బూరుగు పువ్వు. హనీసకల్‌ని వాళ్లు 'బంగారు వెండి పువ్వు' అంటారు, తెల్లగా విచ్చుకుని రెండు రోజుల్లో పసుపుపచ్చగా మారుతుంది కాబట్టి. ఇంకోదాని పేరు 'ఎండాకాలంలో వాడిపోయే గడ్డి'. వేసవి నడిమికి వచ్చేసరికి ఆ మొక్క ఎండిపోతుంది. కొన్ని కొట్లలో నేలవేము కూడా పడుతుంది. మన పెరటి నేలవేమేనండి, గుండెల్లోంచి దూసుకుపోయేంత చేదని దానికి అక్కడ పేరు.

చేదు వద్దనేవాళ్లకి తియ్యటివీ ఉన్నాయి. చెరకు ముక్కలు, మన దర్భకు దగ్గరి గడ్డి వేళ్లు కలిపి కాచిన నీళ్లు. బూడిద గుమ్మడికాయని బెల్లంలాంటి చక్కెరతో గంటలకొద్దీ మరిగించి తీసిన టీ. మనం దిష్టికి గుమ్మానికి వేలాడగట్టే కాయని వాళ్లు గ్లాసులో పోసుకుని తాగుతున్నారు! ఇక పెసలు చైనా అంతటా చలవే. పది నిమిషాలు ఉడికించి పైన తేరిన ఆకుపచ్చ నీళ్లు వంపుకుంటారు. శ్రీరామనవమికి వడపప్పు, జ్వరం వచ్చి తగ్గినవాళ్లకి పెసరకట్టు పెట్టే మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

మరి వేడి వేడిది తాగితే ఒళ్లు చల్లబడుతుందా? 2012లో కెనడాలో ఒట్టావా విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పరీక్షించారు. వేడి నీళ్లు తాగితే చెమట ఎక్కువ పడుతుంది, ఆ చెమటంతా ఆరిపోతే ఒంట్లో నిలిచే వేడి కాస్త తగ్గుతుంది అని తేలింది. 'ఆరిపోతే' అన్న మాట దగ్గర ఆగండి. గ్వాంగ్‌జౌలో జూలై నెలలో చెమట ఆరదు, కారుతుంది. మన బందరులోనూ అంతే. కాబట్టి లియాంగ్‌చా చలవని థర్మామీటర్‌తో కొలవబోతే దొరకదు. నోటిపూత, గొంతు మంట, మొటిమలు, మలబద్ధకం, నిద్రలేమి తర్వాత కళ్ల మంటలు, ఇవీ అది దింపుతానని చెప్పే వేడి. దింపుతుందా అని డాక్టరుగా అడిగితే, నా నోటిపూత వారంలో తగ్గింది. తాగకపోయినా నోటిపూత వారంలోనే తగ్గుతుంది.

డాక్టరుగానే ఇంకో నాలుగు మాటలు, కొంచెం గట్టిగా. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు హనీసకల్ ఇవ్వొద్దని హాంకాంగ్ ఆరోగ్య శాఖ హెచ్చరిస్తుంది. రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. ఆ లోపం మన దగ్గరా ఉంది. గర్భిణులు నేలవేము జోలికి పోవద్దు. గ్వాంగ్‌డాంగ్‌లో తనిఖీలు చేస్తే కొన్ని చిన్న కొట్ల లియాంగ్‌చాలో పారాసిటమాల్, జలుబు మాత్రలు కలిపినట్టు బయటపడిన సందర్భాలున్నాయి. తాగిన గంటకే గుణం కనిపించిందని జనం మురిసిపోవడం వెనక రహస్యం అదన్నమాట. డబ్బాల్లో వచ్చేదాంట్లో మూలిక కంటే చక్కెరే ఎక్కువ, షుగరున్నవాళ్లు దాన్ని కూల్‌డ్రింకు కిందే లెక్కేసుకోండి.

వడదెబ్బకు ఇవేవీ మందు కావు. మనిషి తడబడుతూ మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పుతున్నా కషాయం కాచుకుంటూ కూర్చోవద్దు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకండి, మజ్జిగైనా సరే.

ఇందాక వెనక నుంచి ఒక పెద్దాయన చీటీ పంపారు, ఇంట్లో చామంతి టీ ఎలా అని. అర లీటరు మరిగిన నీళ్లలో టీ కోసం అమ్మే ఎండు చామంతులు పది, చిన్న పటికబెల్లం ముక్క వేసి ఐదు నిమిషాలు మూత పెట్టడమే. పూల మార్కెట్లో దండలకి కొనే చామంతులు మాత్రం వాడకండి, వాటికి పురుగుమందు కొడతారు.

గుమ్మం పక్క బల్ల మీద రెండు ఫ్లాస్కులు పెట్టాను. ఎడమది చామంతి, కుడిది పెసర నీళ్లు. ఇరవై నాలుగు రుచులది తేలేదు, భయపడకుండా వరసలో రండి.